తొమ్మిదో నెల సూది

కొత్తపాలెం, కంకిపాడు దాటి
12 జనవరి 2026

అమ్మాయి డయానాకి నాన్న సొలొమోను రాసేది.

ఇక్కడ నేను బాగున్నా. బాతులు బాగున్నాయి. నువ్వు, అల్లుడు ఫిలిప్, నా మనవరాలు కెజియా ఎట్లా ఉన్నారో రాయి. ఫోన్ చేయించొద్దు. పక్కింటివాళ్ళు ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెడితే ఈల మోత తప్ప ఏమీ వినపడదు. అటు నువ్వు అరవడం, ఇటు వాళ్ళు నవ్వడం. నాకు అక్షరాలు వచ్చు. నలభై ఏళ్ళు దాటాక చర్చి అరుగు మీద పిల్లకాయల మధ్య కూర్చుని నేర్చుకున్నా. అంత సిగ్గు పడింది ఇప్పుడు ఫోన్లో ‘ఆఁ ఆఁ’ అనడానికి కాదు. రాస్తే చదువుతా.

సంగతికి వస్తా. మొన్న పదో తారీకుకి కెజియాకి తొమ్మిది నెలలు నిండాయి. తొమ్మిదో నెలలో తట్టు రాకుండా సూది వెయ్యాలి. వేయించారా లేదా? క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అడిగితే అల్లుడు తన చెప్పుల వైపు చూశాడు. మీ అత్తగారు అమలమ్మ ‘చూద్దాంలెండి అన్నయ్యగారూ’ అంది. ఆవిడ చూద్దాం అంటే వద్దని. ఆ మాత్రం నాకు తెలుసు.

నేను బాతులు మేపేవాణ్ణి. కోసిన చేలో ఆరొందల బాతుల్ని వదిలి, పొద్దు గుంకే లోపు ఆరొందల్నీ లెక్క చూసుకుని దడిలోకి తోలతా. ఏటా వాటికి ప్లేగు సూది వేయిస్తా. మొన్న వేయించినప్పుడు నాలుగు చచ్చాయి. సూది వల్లో, పట్టుకునేటప్పుడు మెడ నలిగో తెలియదు. చచ్చాయి, అంతే. కాలవ అవతలి గట్టు వాళ్ళు ఈ ఏడు వేయించలేదు. మూడు రోజుల్లో వాళ్ళ మంద మొత్తం పోయింది. కాలవ నిండా తెల్లగా తేలాయి. నీళ్ళు కనపడలేదు.

ఇంతకంటే నేను చెప్పేది లేదు. జవాబు రాయి.

మీ నాన్న
సొలొమోను


సింగ్ నగర్, విజయవాడ
17 జనవరి 2026

నాన్నా,

నీ ఉత్తరం అందింది. స్కూల్లో ఎల్‌కేజీ పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తూ మధ్యలో ఇది రాస్తున్నాను. ఇంట్లో అయితే రాయనివ్వరు. ఏం రాస్తున్నావని అందరూ వచ్చి చూస్తారు.

పోయిన జూలైలో ఏం జరిగిందో నీకు సగమే చెప్పాను. కెజియాకి మూడున్నర నెలలప్పుడు సూది వేయించాం. పొద్దున బాగానే ఉంది. సాయంత్రానికి ఒళ్ళు పెనంలా కాలింది. అత్తయ్య ఒళ్ళో పడుకున్నదల్లా ఒక్కసారి బిగుసుకుపోయింది. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. కుడి చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. పెదాలు నల్లబడ్డాయి. రెండు నిమిషాలని తర్వాత అన్నారు. ఆ రెండు నిమిషాలూ దాన్ని పట్టుకుని కూర్చుంది అత్తయ్య. ఫిలిప్ చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాడు.

డాక్టర్ గారు మంచాయనే. జ్వరం పెరిగితే కొందరు పిల్లలకి అలా ఫిట్ వస్తుంది, దానివల్ల మెదడుకి ఏమీ కాలేదు, మిగతా సూదులు ఆపొద్దు అన్నారు. ‘మళ్ళీ రాదని రాసిస్తారా?’ అని అత్తయ్య అడిగింది. ‘అలా ఎవరూ రాసివ్వలేరమ్మా’ అన్నారు. అత్తయ్య ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. ఫిలిప్ ఆవిడని పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చెప్పమంటావా? వేయించకపోతే ఏమవుతుందో నేను చదివాను, కళ్ళతో చూడలేదు. వేయిస్తే ఏమైందో కళ్ళారా చూశాను.

నీకు ఆరొందల బాతులు నాన్నా. నాలుగు పోయినా మంద ఉంటుంది. నాకు ఒక్కతే.

డయానా


హనుమాన్ జంక్షన్ దగ్గర మకాం
24 జనవరి 2026

అమ్మాయి డయానాకి,

మంద ఇక్కడి చేలల్లోకి తెచ్చా. నీ ఉత్తరం ఇక్కడికే అందింది. మూడుసార్లు చదివా. చదవడం రాక కాదు. కోపం తగ్గక.

ఒక్కతే అన్నావు. ఒక్కతే అని ఆ రోగానికి ఎవరు చెబుతారు?

బాతులతో పోల్చానని బాధపడితే పడు. నాకు తెలిసింది బాతులు. తెలియనిది ఉంటే వెళ్ళి అడుగుతా. నిన్న ఇక్కడి సర్కారు ఆసుపత్రికి పోయి నిలబడ్డా. డాక్టరమ్మ నీ ఈడుది. నాకు చెముడని చెబితే విసుక్కోకుండా కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం ఇందులో పెట్టా. చదువుకో. ముందు సూదికి జ్వరం ఫిట్ వచ్చిన పిల్లకి కూడా ఈ సూది వెయ్యొచ్చంట. ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలంట. ఈ సూదికి జ్వరం వస్తే ఆ రోజే రాదు, వారం పది రోజులకి వస్తదంట. అప్పుడు కనిపెట్టుకుని ఉండాలంట. ఫిట్ వచ్చే అవకాశం కొంచెం ఉంది అని ఆవిడే రాసింది. అసలు తట్టే వస్తే ఆ అవకాశం దానికి ఎన్నో రెట్లు, పైగా ఊపిరితిత్తులు, కళ్ళు, మెదడు అని కూడా రాసింది. కొంచెం ఉన్నదాన్ని లేదని బుకాయించలేదు. అట్లాంటి మనిషిని నేను నమ్ముతా.

మీ అత్తగారిని తప్పు పట్టను. ఒళ్ళో పిల్ల కొట్టుకుంటుంటే ఎవరికైనా గుండె ఆగుద్ది. కానీ భయపడ్డ మనిషిని ఇంటికి పెద్దని చెయ్యొద్దు. నువ్వు తల్లివి. నువ్వు తేల్చు.

వేయించాం అని నోటి మాట రాస్తే నేను ఒప్పుకోను. తల్లీబిడ్డల కార్డులో నర్సు తేదీ రాసుద్ది కదా, అది జిరాక్సు తీసి పంపు. నేను కాగితాన్ని నమ్ముతా. అది చూడందే ఈస్టర్‌కి నా గడప ఎక్కొద్దు.

సొలొమోను


సింగ్ నగర్
4 ఫిబ్రవరి 2026, బుధవారం
పోస్టు చెయ్యని ఉత్తరం

నాన్నా,

ఇవాళ వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. స్కూలుకి సెలవు పెట్టి, కెజియాకి పసుప్పచ్చ గౌను వేసి, బుధవారం సూదుల గదికి తీసుకెళ్ళాను. మా ముందు ఎనిమిది మంది. ఒక్కొక్క పిల్లా ఏడ్చి, రెండు నిమిషాల్లో మర్చిపోయి, అమ్మ భుజం మీద నుంచి మా వైపు చూస్తూ వెళ్ళిపోయేది. ఎవరికీ ఏమీ కాలేదు. అది కూడా చూశాను.

మా వంతు వచ్చింది. కెజియా నర్సు గాజులు పట్టుకుని నవ్వింది. ‘ఇంతకుముందు సూదికి ఏమైనా ఇబ్బంది వచ్చిందా అమ్మా?’ అని ఆవిడ అడిగింది. నువ్వు పంపిన కాగితం నా సంచిలో ఉంది. ఉన్నదున్నట్టు చెబితే డాక్టర్ దగ్గరికి పంపేది. ఆయన చూసి వేసేవాడు. నాకు నోరు రాలేదు. ఆ కుడి చెయ్యి కొట్టుకోవడం కళ్ళ ముందుకొచ్చింది. ‘ఒక్క నిమిషం’ అని బయటికి వచ్చేశాను. బస్టాపులో గంటసేపు కూర్చున్నాను. లోపలికి మళ్ళీ వెళ్ళలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. ఫిలిప్ ‘పోనీలే, ఇంకోసారి చూద్దాం’ అన్నాడు. అతని మొహంలో ఎంత తేలికో. అత్తయ్య టీ పెట్టి ఇచ్చింది.

తర్వాత నేనే కార్డు తీశాను. ఖాళీ గడి. స్కూల్లో రోజుకి నలభై పలకల మీద నలభై చేతుల రాత దిద్దుతాను. పైగడిలో నర్సు రాత చూసి, నీలం పెన్నుతో తేదీ వేశాను. కింద ఆవిడ గీసినట్టే గీత గీశాను. అచ్చం అలాగే వచ్చింది నాన్నా. అంత సులువుగా వస్తుందనుకోలేదు.

ఈ ఉత్తరం పంపితే నువ్వు రేపే బస్సెక్కి వస్తావు. దాన్ని చంకనేసుకుని నువ్వే తీసుకెళతావు. అదే జరగాలని నాలో సగం


సింగ్ నగర్
5 ఫిబ్రవరి 2026

నాన్నా,

నిన్న బుధవారం వేయించాను. కార్డు జిరాక్సు పెడుతున్నాను. కెజియా బాగుంది. ఫిలిప్ నమస్కారం చెప్పమన్నాడు.

డయానా


కొత్తపాలెం
16 ఫిబ్రవరి 2026

అమ్మా డయానా,

కార్డు అందింది. నాలుగో తారీకు, రెండో నెల, ఇరవై ఆరు. కింద గీత. ఎవరి చేతా చదివించుకోలేదు. నేనే చదివా. నువ్వు నా కూతురివి.

ఎనిమిదో తారీకు ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కాగితం పట్టుకుని ఆడవాళ్ళ వైపు వెళ్ళా. మన పాలెంలోనూ వేయించని వాళ్ళు ఉన్నారు. జ్వరం వస్తదని ఒకరు, మొగుడు వద్దన్నాడని ఒకరు, మకాంలో ఉండగా తేదీ దాటిపోయిందని ఒకరు. ‘బెజవాడలో చదువుకున్న పిల్ల, దాని బిడ్డకి ముందు సూదికి ఫిట్స్ వచ్చాయి, అయినా వేయించింది, ఇదిగో చూడండి’ అన్నా. ‘నీకు చదవడం వచ్చా మావా’ అని ఒకత్తి ఎకసెక్కం చేసింది. అందరి ముందూ చదివి వినిపించా. ముగ్గురు వెళ్ళి వేయించారు. కాగితం మడతల దగ్గర చినుగుతుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టా.

మీ అత్తగారిని కూడా అడిగానని చెప్పు. ఆవిడ మీద నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా.

నాన్న


కొత్తపాలెం
26 మార్చి 2026

అమ్మా డయానా,

మంద ఇల్లు చేరింది. ఏప్రిల్ అయిదు ఈస్టర్. శనివారానికల్లా మీ ముగ్గురూ ఇక్కడ ఉండాలి. అమలమ్మ గారు వస్తే సంతోషం. పదో తారీకుకి కెజియాకి ఏడాది నిండుద్ది. పండగ ఆరాధనలోనే పిల్లని పైకి ఎత్తి ప్రార్థన చేస్తానని పాస్టరు గారు అన్నారు. పాలెం అంతటికీ భోజనం చెప్పా. మీ అమ్మ ఉంటే ఎట్లా చేసేదో అట్లాగే చెయ్యాలి. మూడు రోజులు ఉండాలి. పొద్దున వచ్చి సాయంత్రం పోతామంటే కుదరదు.

ఇక్కడ అంతా బాగానే ఉన్నారు. ఒకళ్ళిద్దరు పిల్లలకి ఎండకి ఒళ్ళు వెచ్చబడింది. ఈసారి మార్చిలోనే మాడ్చేస్తుంది. గొడుగు తెచ్చుకోండి.

నాన్న


సింగ్ నగర్
29 మార్చి 2026

నాన్నా,

వస్తాం. ఫిలిప్‌కి సెలవు దొరికింది. అతను బాగుచేసే లిఫ్టులు రెండు రోజులు ఆగినా కొంపలేమీ మునగవు.

ఒక్కటి అడుగుతాను. పిల్లలకి ఎండకి జ్వరం అని రాశావు. వట్టి జ్వరమేనా? దగ్గు ఉందా? కళ్ళు ఎర్రగా ఉన్నాయా? ఒంటి మీద ఏమైనా పొక్కిందా? చూసి రాయి. వెంటనే రాయి.

డయానా


కొత్తపాలెం
31 మార్చి 2026

డయానాకి,

ఒంటి మీద ఏముందో నేను వాళ్ళ చొక్కాలు విప్పి చూడలేదు. నేను కాపరిని, డాక్టర్ని కాను. సూది పడ్డ పిల్ల గురించి ఇన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తున్నావో నాకు అర్థం కాలేదు. కార్డు నా దగ్గర ఉంది. సూది పడని పిల్లే అయితే, రావద్దని నేనే రాసేవాణ్ణి.

భోజనాలకి అన్నీ తెప్పించా. రా.

నాన్న


సింగ్ నగర్
18 ఏప్రిల్ 2026, శనివారం

నాన్నా,

ఈ ఉత్తరం ఫిలిప్ బండి మీద తెస్తున్నాడు. అతను అక్కడ నిలబడి ఉంటాడు. నువ్వు జవాబు రాసి అతని చేతికే ఇవ్వు. అటూ ఇటూ తిప్పొద్దు.

కెజియాకి బుధవారం నుంచి జ్వరం. మందు వేస్తే దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ముక్కు కారుతోంది. దగ్గితే ఒళ్ళంతా వణుకుతోంది. కళ్ళు నెత్తురు ముద్దల్లా ఉన్నాయి. కిటికీ తీస్తే వెలుగు చూడలేక మొహం నా మెడలో దాచుకుంటోంది. ఇవాళ నోరు తెరిచి చూస్తే బుగ్గల లోపల ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు.

మీ ఇంట్లో పండగ రోజు దాన్ని పాలెం అంతా ఎత్తుకుంది. ఆకుపచ్చ పరికిణీ పిల్ల ఒకతి, కళ్ళు నీళ్ళు కారుతున్న పిల్ల, ముద్దు పెట్టుకుంటే నేను లాక్కున్నాను. నువ్వు ‘పోనీలేవే’ అన్నావు.

నాన్నా, పాలెంలో ఉన్నదేమిటి?

డయానా


కొత్తపాలెం
18 ఏప్రిల్

డయానాకి,

అల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. నీళ్ళిస్తే తాగలేదు. కాబట్టి ఉన్నది రాస్తా.

తట్టు. మార్చి మూడో వారం నుంచి. మీరు వచ్చేనాటికి తొమ్మిదిమంది పిల్లలు. ఇవాళ్టికి పదకొండు. ఒకణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంకా రాలేదు. పండగ భోజనం ఆపుదామని పాస్టరు గారు అన్నారు. నేను వద్దన్నా. మన చర్చి వాళ్ళే అయినా తట్టు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు, నీకు తెలుసు. శుక్రవారం సాయంత్రం నేనే ఇల్లిల్లూ తిరిగి మండలు తీయించా. నా కూతురు వస్తే చూసుద్ది, మూడు రోజులు వాయిదా వేసుకోండి అన్నా. పెద్దవాణ్ణని విన్నారు.

నీ పిల్లకి సూది ఉంది, దానికేం కాదు అన్న ధైర్యంతో దాచా. ఇప్పుడూ అదే అనుకుంటున్నా. సూది పడ్డా ఒక్కొక్కళ్ళకి తేలిగ్గా వచ్చి పోయిద్దంట. ఆసుపత్రికి తీసుకెళ్ళు. కార్డు చూపించు.

నాన్న


పిల్లల ఆసుపత్రి, విజయవాడ
20 ఏప్రిల్ 2026, సోమవారం

నాన్నా,

నిన్న చెవుల వెనక మొదలైంది. ఇవాళ పొద్దుటికి మొహం, మెడ, పొట్ట అంతా ఎర్రగా అచ్చు వేసినట్టు. ఊపిరితిత్తులకి పట్టింది. ఆక్సిజన్ పెట్టారు. పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి నాన్నా, ఒక్కో ఊపిరికీ.

డాక్టర్ గారు కార్డు చూసి ‘సూది పడిందే’ అని ఆశ్చర్యపోయారు. ఆయన వేసే మందుకి తేడా వస్తుందేమో అని అప్పుడు చెప్పాను. ఆయనకి చెప్పాను కాబట్టి నీకూ చెబుతున్నాను. ఆ తేదీ నేను రాసింది. ఆ గీత నాది. వరుసలో నిలబడి, మా వంతు వచ్చాక పారిపోయి వచ్చాను. నువ్వు నమ్మింది నా రాతని. ఈస్టర్‌కి రానని రాయాలంటే ఎందుకో చెప్పాలి. అది చెప్పలేక దాన్ని చంకనేసుకుని వచ్చాను.

అత్తయ్య మూలన కూర్చుని ఉంది. ‘నేను ఒక్కసారి గట్టిగా వేయించమని ఉంటే’ అంటుంది.

ఇంకొకటి ఉంది. ‘ఇంట్లో, పక్కింట్లో పసిపిల్లలు ఎవరైనా ఉన్నారా, ఈమధ్య దగ్గరికి వచ్చారా?’ అని డాక్టర్ గారు అడిగారు. లేరన్నాను. మా పక్క వాటాలో శ్రీదుర్గ ఉంటుంది. ఆమె బాబుకి అయిదు నెలలు. తొమ్మిదో నెల రాలేదు కాబట్టి వాడికి ఆ సూది ఎవరూ వెయ్యరు. పోయిన బుధవారం మధ్యాహ్నం ఇద్దర్నీ ఒకే చాప మీద పడుకోబెట్టి మేం మునక్కాయలు కోసుకున్నాం. కెజియా వాడి మొహం మీద దగ్గింది. అప్పటికి జ్వరం ఇంకా తెలియలేదు.

లేరని ఎందుకన్నానో నాకు తెలియదు. ఉన్నారంటే ఆమెకి చెప్పాలి. చెబితే కార్డు సంగతి చెప్పాలి. ఫిలిప్ ఇక్కడినుంచి కదలడం లేదు కాబట్టి ఇది పోస్టులో వేస్తున్నాను. ఏం చెయ్యను?

డయానా


కొత్తపాలెం
22 ఏప్రిల్ 2026, బుధవారం

డయానాకి,

నీ ఉత్తరం ఇవాళ అందింది. రెండు రోజులు పోస్టులో పోయాయి. పాస్టరు గారు రేపు పొద్దున బెజవాడ వస్తుంటే ఇది ఆయన చేతికిస్తున్నా.

నిన్ను తిడదామని కూర్చున్నా. తిట్టేదాకా వచ్చి ఆగా. నువ్వు కాగితం మీద అబద్ధం రాశావు. నేను గుమ్మాలకి ఉన్న నిజం పీకించా. నీది తెలిస్తే నేను రమ్మనను. నాది తెలిస్తే నువ్వు రావు. ఇద్దరం నోరు మూసుకున్నాం. మధ్యలో పిల్ల దొరికింది.

నాకు బస్సెక్కి రావాలని ఉంది. రావడం లేదు. రేపు, ఎల్లుండి సూదులవాళ్ళు పాలెం వస్తున్నారు. ఇంకా నాలుగిళ్ళలో వేయించని పిల్లలున్నారు. నేను ముందు నడిస్తేనే తలుపు తీస్తారు. ఇవాళ చర్చి దగ్గర అందర్నీ పిలిచి, ఆ కార్డు దొంగదని చెప్పా. నీ కార్డు చూసి వేయించిన ముగ్గురి పిల్లలకీ రాలేదు. ఆ సంగతి ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. నువ్వు చదువుకున్నదానివి.

శ్రీదుర్గ దగ్గరికి ఇది చదివిన వెంటనే పో. మాటలు వెతుక్కోవద్దు. ‘మా పిల్లకి తట్టు. సూది వేయించలేదు. మీ బాబు దాని పక్కన పడుకున్నాడు.’ ఇంతే. ఏడవొద్దు. నువ్వు ఏడిస్తే ఆవిడ నిన్ను ఓదార్చాల్సి వస్తది. పిల్లవాడి టైము పోతది.

సొలొమోను


పిల్లల ఆసుపత్రి
24 ఏప్రిల్ 2026, శుక్రవారం

నాన్నా,

కెజియా తేరుకుంటోంది. రాత్రి ఆక్సిజన్ తీశారు. ఎముకల మధ్య గుంటలు తగ్గాయి. పాలు పడితే సగం తాగింది. కళ్ళు ఇంకా చూడాలి అన్నారు. ఈ ముక్క ముందు రాస్తున్నాను, నువ్వు మిగతాది చదవగలగాలని.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం నా చేతికి వచ్చింది. పాస్టరు గారికి వేరే పని తగిలి ఆలస్యమైంది. ఇవాళ పొద్దున ఇంటికి వెళ్ళి శ్రీదుర్గ తలుపు కొట్టాను. బాబు భుజం మీద ఉన్నాడు, జుట్టు లాగుతున్నాడు. నువ్వు రాసిన మూడు ముక్కలే చెప్పాను.

ఆమె లోపలికి రమ్మనలేదు. ‘ఏ రోజు తెలిసింది అక్కా మీకు?’ అంది.

‘సోమవారం’ అన్నాను.

అక్కడే నిలబడి తన డాక్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ‘పిల్లలు కలిసి ఉన్నదెప్పుడమ్మా?’ అని ఆయన అడిగాడు. ‘పోయిన బుధవారం.’ ‘అంటే తొమ్మిది రోజులు. ఆరు రోజుల లోపు అయితే ఇంత చిన్న పిల్లలకి వేసే సూది ఒకటుంది. ఇప్పుడు వేసినా లాభం లేదు. కనిపెట్టుకుని ఉండండి. పద్నాలుగో రోజు దాకా, ఇంకొంచెం పైదాకా. వెచ్చబడితే ఆ నిమిషమే తీసుకురండి.’

ఆమె ఫోన్ పెట్టేసి వేళ్ళ మీద లెక్క పెట్టింది. గురువారం ఒకటి. శుక్రవారం రెండు. సోమవారం దగ్గరికొచ్చేసరికి బొటనవేలు మడిచి ఆగింది. అయిదు.

అరవలేదు నాన్నా. ‘మీ పాప ఎలా ఉంది?’ అంది. బాగుంది అన్నాను. తలుపు మెల్లగా వేసుకుంది. లోపల గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

డయానా


కొత్తపాలెం
25 ఏప్రిల్ 2026, శనివారం

అమ్మా డయానా,

అల్లుడు ఉత్తరం తెచ్చాడు. ఈసారి నీళ్ళు తాగాడు.

అయిదు అన్నావు. ఆ అయిదులో నాదీ ఉంది. నీ ఉత్తరం అందిన బుధవారమే నేను పాస్టరు గారి కోసం ఆగకుండా పరిగెత్తి ఉంటే ఏడో రోజు. అప్పటికీ దాటింది. లెక్క ఎట్లా వేసినా దాటింది. పొద్దుటి నుంచి వేస్తున్నా.

ఇక్కడ నాలుగిళ్ళలోనూ సూదులవాళ్ళు వేసేశారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. పెద్దాసుపత్రికి పోయిన పిల్లాడు రాలేదు. ఇక రాడు. నిన్న పూడ్చాం. ఆకుపచ్చ పరికిణీ పిల్ల వాడి అక్క.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. కెజియాని మీ అత్తగారికి అప్పజెప్పి, రోజూ ఆ తలుపు కొట్టు. తీయకపోతే బయట నిలబడి అడుగు. బాబు ఒళ్ళు చూసి, నాకు రోజూ ఒక కార్డు ముక్క పోస్టులో వెయ్యి. ఏమీ లేకపోతే ‘లేదు’ అని ఒక్క మాట. ఉంటే మటుకు నాకు రాస్తూ కూర్చోవద్దు. శ్రీదుర్గ వెంట ఆసుపత్రికి పో. ఆవిడ తోసేసినా పో.

నాన్న


కొత్తపాలెం
30 ఏప్రిల్ 2026, గురువారం

అమ్మా డయానా,

సోమవారం కార్డు వచ్చింది. ‘లేదు’ అని ఉంది.

మంగళవారం వచ్చింది. ‘లేదు. తలుపు తీసింది.’

నిన్న వచ్చింది. ‘లేదు. పాలు సరిగా తాగలేదని అంది.’

ఇవాళ పదకొండు నుంచి అరుగు మీద కూర్చున్నా. పోస్టు వెంకటప్పయ్య పాలెంలోకి వచ్చాడు. చర్చి దగ్గర ఇద్దరికి ఇచ్చాడు. మన ఇంటి ముందుకి వచ్చి, నా మొహం చూసి, తల అడ్డంగా ఊపి, సైకిలు ఆపకుండా పోయాడు.

చొక్కా వేసుకున్నా. ఈ ఉత్తరం నేనే తెస్తున్నా.

నాన్న